నుంగంబాకంలో చుక్కల వేట

చెన్నై నుంగంబాకంలో, కాలేజీ రోడ్డు మీద, వాతావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయం ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే టీవీ కెమెరాలన్నీ దాని గుమ్మంలోనే కాపు కాస్తాయి. ఆ ఆవరణలో ఒక రాతి స్తంభం ఉంది. ఎత్తు సుమారు 15 అడుగులు, బరువు 10 టన్నులు. ఇప్పుడది మోసేదేమీ లేదు. ఒకప్పుడు మాత్రం దాని నెత్తిన నక్షత్రాలను కొలిచే యంత్రం కూర్చునేది. 1792లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కట్టించిన మద్రాసు అబ్జర్వేటరీకి అదే నడుమ కంబం. దాని మీద లాటిన్‌తో పాటు తమిళంలోనూ తెలుగులోనూ అక్షరాలు చెక్కారు. ఆసియాలో గణితశాస్త్రాలను బ్రిటిష్ ఔదార్యం ఎప్పుడు నాటిందో వెయ్యేళ్ల తరవాతి వాళ్లకు కూడా తెలియాలన్నది చెక్కించినవాళ్ల ఉద్దేశం. ఆర్యభటుడు పుట్టి అప్పటికే పదమూడు వందల ఏళ్లయిందని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

భవనానికి నక్షా గీసిన మైకేల్ టాపింగ్ సర్వేయరు. కోస్తా తీరాన్ని, కృష్ణా గోదావరుల పల్లపు నేలలను కొలుస్తూ తిరిగిన మనిషి. 1796లో జ్వరంతో బందరులోనే పోయాడు. ఆయన కట్టించిన ఆ చిన్న భవనం నుంచి తరవాతి రోజుల్లో సూర్యకుటుంబంలోకి అయిదు కొత్త సభ్యులను చేర్చారు. గ్రహాలు కావు. గ్రహశకలాలు. కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే రాతి ముక్కలు.

1861 ఫిబ్రవరిలో నార్మన్ పాగ్సన్ అనే ముప్పయ్యొక్కేళ్ల ఆంగ్లేయుడు ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్తగా మద్రాసు రేవులో దిగాడు. ఏప్రిల్ 17 రాత్రికి, అంటే రెండు నెలలు తిరిగేసరికి, ఒక కొత్త గ్రహశకలాన్ని పట్టుకున్నాడు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొదటి గ్రహశకలం అది. అందుకే దానికి ‘ఆసియా’ అని పేరు పెట్టాడు. గ్రీకు పురాణాల్లో ఆ పేరుగల దేవకన్య కూడా ఉంది కాబట్టి నామకరణ సంప్రదాయానికీ లోటు రాలేదు. వరస సంఖ్య 67.

ఆ 67 అన్న అంకె వెనక అరవై ఏళ్ల కథ ఉంది.

1801 జనవరి 1న సిసిలీలోని పలెర్మోలో పియాజ్జీ అనే మతగురువు సెరెస్‌ను చూశాడు. నలభై రోజులు వెంబడించాక జబ్బుపడ్డాడు. ఈలోగా అది సూర్యుడి వెలుగులోకి జారుకుంది. మళ్లీ ఎక్కడ తేలుతుందో లెక్కకట్టి చెప్పినవాడు ఇరవై నాలుగేళ్ల గౌస్. 1802లో పల్లస్, 1804లో జూనో, 1807లో వెస్టా దొరికాయి. ఆ తరవాత ముప్పై ఎనిమిదేళ్లు ఒక్కటీ లేదు. ఉన్నవి నాలుగే అనుకుని పెద్దలందరూ టెలిస్కోపులు వేరే వైపు తిప్పేశారు. తిప్పనివాడు ప్రష్యాలో ఒక తపాలా ఉద్యోగి, కార్ల్ హెంకె. పదిహేనేళ్లు ఒంటరిగా వెదికి 1845లో అయిదోదాన్ని పట్టాడు. ఇక అక్కణ్నుంచి పందెం మొదలైంది. పారిస్‌లో గోల్డ్‌ష్మిట్ అనే చిత్రకారుడు ఒక కాఫీ హోటలు పైన ఉన్న తన అద్దె గది కిటికీలోంచి చూస్తూ పద్నాలుగు కనిపెట్టాడు. వాటిలో ఒకటైన లుటీషియా పక్కగా 2010లో రోసెట్టా నౌక ఫొటోలు తీసుకుంటూ వెళ్లింది.

తపాలా ఉద్యోగికీ చిత్రకారుడికీ దొరికినవి పెద్ద పెద్ద అబ్జర్వేటరీలకు ఎందుకు దొరకలేదు? ఈ పనికి కావలసింది పెద్ద టెలిస్కోపు కాదు, మంచి పటం. గ్రహశకలం టెలిస్కోపులో కూడా చుక్కలాగే ఉంటుంది. పక్కనున్న నక్షత్రానికీ దానికీ రూపంలో ఏ తేడా లేదు. ఒక్కటే తేడా, అది కదులుతుంది. సూర్యుడికి ఎదురుగా ఉన్న రోజుల్లో రాత్రికి రాత్రి చంద్రబింబం వెడల్పులో ఇంచుమించు సగం దూరం జరుగుతుంది. కదిలింది అని తెలియాలంటే నిన్న అక్కడ ఏమేం ఉన్నాయో తెలిసి ఉండాలి. ఊరి కరణానికి కొత్తగా లేచిన పాక ఇట్టే కళ్లబడుతుంది, ఎందుకంటే ఆయన దగ్గర పాత లెక్క ఉంటుంది. ఆకాశంలోనూ అదే సంగతి. వేట అంటాం గానీ, ఇది నికార్సయిన గుమాస్తా పని.

పని ఇలా సాగేది. గ్రహాలు నడిచే దారి పొడవునా, అంటే క్రాంతివృత్తానికి అటూ ఇటూ, ఆకాశాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టుకోవాలి. ఒక్కో గడిలో టెలిస్కోపుకు అందే చుక్కలన్నిటినీ, మినుకు మినుకుమనేవాటితో సహా, కాగితం మీద వాటి వాటి చోట్ల గుర్తించాలి. కన్ను చీకటికి అలవాటు పడితే గాని సన్న చుక్క కనబడదు. దీపం వెలిగిస్తే గాని కాగితం కనబడదు. చూపు అద్దానికీ పటానికీ మధ్య తిరిగిన ప్రతిసారీ కన్ను మళ్లీ మొదటికి రావాలి. కొన్ని రాత్రుల తరవాత అదే గడిని పటంతో పోల్చుకోవాలి. పటంలో లేనిది కనిపిస్తే ఒక అనుమానం. పటంలో ఉన్నది లోపిస్తే ఇంకో అనుమానం. నూటికి తొంభై తొమ్మిది అనుమానాలు గీతలో పొరపాట్లే. మిగిలిన ఆ ఒక్కటి మర్నాడు జరిగితే, పండగ.

గ్రహశకలం కోసం వేసిన వలలో వేరే చేపలూ పడేవి. 1863 మే నెలలో వృశ్చిక రాశిలో పాగ్సన్‌కు కొత్త చుక్క ఒకటి కనిపించింది. అది కదల్లేదు, కొద్ది రోజుల్లోనే వెలుగు తగ్గి మాయమైంది. అది ఉండుండి భగ్గుమనే నక్షత్రం. పేరు యు స్కార్పీ. 1906లో, 1936లో, 1979లో, 1987లో, 1999లో, 2010లో, 2022లో మళ్లీ మళ్లీ భగ్గుమంది. ఈ వరసలో మొదటి నమోదు నుంగంబాకానిదే.

పాగ్సన్ ఈ పనికి కొత్తవాడు కాదు. ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ అబ్జర్వేటరీలో అసిస్టెంటుగా ఉండగానే ఐసిస్, అరియాడ్ని, హెస్టియా అని మూడింటిని కనిపెట్టాడు. అక్కడే, ఈ రాళ్ల పుణ్యమా అని, ఈ రోజుకీ ప్రతి ఖగోళ పాఠ్యపుస్తకంలో ఉండే అంకెను ప్రతిపాదించాడు. గ్రహశకలం భూమికి దగ్గరైనప్పుడు కాస్త వెలుగుతుంది, దూరమైతే మసకబారుతుంది. ఏ నెలలో ఎంత సన్నగా ఉంటుందో తెలియకపోతే వెదికేవాడు దేనికోసం కళ్లు చించుకోవాలి? 1856లో ఆయన ముప్పయ్యారు గ్రహశకలాలు మరుసటి ఏడాది ఒక్కో నెలా ఎంత వెలుగుతాయో పట్టిక వేశాడు. అది వేయడానికి కొలబద్ద కావాలి. మొదటి తరగతి నక్షత్రం, రెండో తరగతి నక్షత్రం అని గ్రీకుల నాటి నుంచి అంటూనే ఉన్నారు గానీ ఒక తరగతికీ ఇంకో తరగతికీ ఎన్ని రెట్లు తేడా అన్నదానిలో ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. అయిదు తరగతులకు సరిగ్గా వంద రెట్లు పెట్టుకుందాం, అప్పుడు ఒక్కో తరగతికి 2.512 రెట్లవుతుంది, లాగరిథం వేసుకోవడానికీ సుళువు అన్నాడు పాగ్సన్. లోకం ఒప్పుకుంది. ఆయన కనిపెట్టిన ఎనిమిది గ్రహశకలాల పేర్లూ చెప్పగలిగేవాళ్లు ఈ రోజు అరుదు. 2.512 తెలియని ఖగోళ విద్యార్థి మాత్రం ఉండడు.

మద్రాసులో 1864లో శాఫో, 1866లో సిల్వియా దొరికాయి.

1868 కొంచెం ఆగి చూడాల్సిన సంవత్సరం. ఆ ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా నడిచింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ బసచేశాడు. పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ పంపిన ఇంకో బృందం నిజాం రాజ్యంలోని వనపర్తికి చేరింది. ఆ బృందానికి నాయకుడు తెల్లవాడు కాదు. చింతామణి రఘునాథాచారి. మద్రాసుకు తిరిగెళ్లిన మూడు నెలలకు, నవంబరు 17న, పాగ్సన్‌కు కామిల్లా కనిపించింది.

రఘునాథాచారిది పంచాంగాలు గుణించే కుటుంబం. అబ్జర్వేటరీలో చిన్న ఉద్యోగంతో చేరి మొదటి అసిస్టెంటు దాకా ఎదిగాడు. పగలు కచేరీ, రాత్రి నక్షత్రాలు. పైగా పంచాంగకర్తలతో పేచీ ఒకటి. గ్రహం ఆకాశంలో ఎక్కడ కనబడుతోందో లెక్కా అక్కడే చూపించాలి గానీ, తాతలనాటి సూత్రం చెప్పిందని లేనిచోట ఉందనడమేమిటన్నది ఆయన వాదన. దృక్సిద్ధమా, పూర్వపద్ధతా అని మన ఇళ్లలో ఏకాదశి ఎప్పుడన్న దగ్గర ఇప్పటికీ వచ్చే గొడవ అదే. 1867లో రెటిక్యులం అనే దక్షిణాకాశ మండలంలో ఒక నక్షత్రం వెలుగు హెచ్చుతగ్గులవుతోందని ఆయన పట్టుకున్నాడు. ఆ చుక్క మద్రాసు నుంచి చూసినా దక్షిణ దిక్కున పద్నాలుగు డిగ్రీలకు మించి పైకి లేవదు. లండన్‌కైతే జన్మలో కనబడదు. ఆధునిక ఖగోళ శాస్త్రంలో భారతీయుడి పేరు మీద నమోదైన తొలి ఆవిష్కరణల్లో ఇదొకటి. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా తీసుకుంది.

ఆయనకు ఏడాది ముందే అదే సొసైటీలోకి తెలుగువాడొకడు వెళ్లాడు. విశాఖపట్నం అంకితం వెంకట నరసింగరావు. ఆయన మామ గోడే వెంకట జగ్గారావు మద్రాసు అబ్జర్వేటరీలో అప్పటి ఖగోళ శాస్త్రవేత్త టేలర్ దగ్గర చదువుకుని వచ్చి, విశాఖ డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టుకున్న జమీందారు. 1856లో మామ పోయాక అల్లుడు ఆ టెలిస్కోపులను మూలన పడనివ్వలేదు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు మద్రాసులో వాళ్లూ, విశాఖలో ఈయనా దాన్ని చూస్తూనే ఉన్నారు.

నుంగంబాకంలో ఇంకో మనిషి సంగతి చెప్పుకోవాలి. పాగ్సన్ ఆక్స్‌ఫర్డ్‌లో కనిపెట్టిన మొదటి గ్రహశకలం ఐసిస్. ఆ ఊళ్లో థేమ్స్ నదిని ఐసిస్ అనే అంటారు. పాగ్సన్ పెద్ద కూతురి పేరూ ఎలిజబెత్ ఐసిస్. గ్రహశకలం దొరికేసరికి ఆ పిల్లకు మూడేళ్లు. 1873లో ఆమె నెలకు 150 రూపాయల జీతం మీద తండ్రి అబ్జర్వేటరీలో లెక్కలు కట్టే ఉద్యోగంలో చేరింది. 1881 నుంచి మద్రాసు ప్రభుత్వానికి వాతావరణ నివేదికలు పంపే బాధ్యత కూడా ఆమెదే. 1886లో తండ్రి ఆమె పేరును రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ప్రతిపాదించాడు. సొసైటీకి రాజు ఇచ్చిన చార్టర్‌లో సభ్యుణ్ని ‘అతడు’ అని రాశారు, ‘ఆమె’ అని లేదు కాబట్టి కుదరదని వకీళ్లు తేల్చారు. ప్రతిపాదన వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అదే సొసైటీ ముప్పై నాలుగేళ్ల తరవాత, 1920లో, ఆమెను సభ్యురాలిని చేసింది. అప్పటికి ఆమె ఉద్యోగం మానేసి ఇరవై రెండేళ్లు.

కామిల్లా తరవాత మద్రాసు వేట చప్పబడింది. తరవాతి గ్రహశకలం వీరా దొరికింది 1885 ఫిబ్రవరి 6న, అంటే పదహారేళ్లు దాటాక. కామిల్లా వరస సంఖ్య 107, వీరాది 245. ఈలోగా లోకంలో పందెం ఎంత ముదిరిందో ఆ రెండు అంకెలే చెబుతాయి. అమెరికాలో పీటర్స్ ఒక్కడే 48 పట్టాడు. ఆస్ట్రియా వాడు పలీసా మొత్తం మీద 122. పాగ్సన్‌కు అయిదువేల పై చిలుకు నక్షత్రాల స్థానాలు కొలిచే పెద్ద పని నెత్తిన ఉంది, ఊరికి టైము చెప్పే పని ఉంది, ఉన్న మనుషులు నలుగురు. కొలతలు కుప్ప పడ్డాయి, అచ్చు కాలేదు. ఆయన తత్వం కూడా అందులో కొంత ఉందనే అనిపిస్తుంది. ఇంకొక్క రాత్రి చూస్తే ఇంకొంచెం సరిగ్గా వస్తుందనుకునేవాడు పుస్తకం త్వరగా ముగించడు. చివరికి ఆ నక్షత్రాల జాబితాను ఆయన పోయాక వేరొకరు అచ్చువేశారు.

1891 జూన్ 23న పాగ్సన్ మద్రాసులోనే పోయాడు. ఆ డిసెంబరులో, ఆరు నెలలైనా తిరక్కుండానే, హైడెల్‌బర్గ్‌లో మాక్స్ వుల్ఫ్ ఒక ఫొటో పలక మీద గ్రహశకలాన్ని పట్టాడు. టెలిస్కోపును నక్షత్రాలతో పాటు గంటల తరబడి తిప్పుతూ ఫొటో తీస్తే నక్షత్రాలు చుక్కలుగా పడతాయి. కదిలేది గీతగా పడుతుంది. పటం లేదు, పోలిక లేదు, దీపం కింద కళ్లు చికిలించుకోవడం లేదు. వుల్ఫ్ ఈ పద్ధతిలో రెండు వందలకు పైగా పట్టాడు. పాత పనివాళ్ల విద్య కొద్ది ఏళ్లలోనే పాతబడిపోయింది. మద్రాసు అబ్జర్వేటరీ ముఖ్యమైన పనంతా 1899లో కొడైకెనాల్ కొండ మీదికి, అదీ సూర్యుణ్ని చూడటానికి, వెళ్లిపోయింది.

మళ్లీ ఈ దేశం నుంచి గ్రహశకలం దొరకడానికి నూరేళ్లు దాటాయి. 1988 ఫిబ్రవరి 17న తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో ఆర్. రాజమోహన్ బృందం ఒకదాన్ని పట్టింది. దానికి 4130 రామానుజన్ అని పేరు. ఆ కావలూరు అబ్జర్వేటరీని నిలబెట్టిన వేణు బప్పు మాత్రం హైదరాబాదు కుర్రాడు. తండ్రి బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. కొడుకు పెరిగింది ఆ టెలిస్కోపుల చుట్టూ, చదివింది నిజాం కాలేజీలో. హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక ఫొటో పలక మీద తోకచుక్కను గమనించాడు. దాని పేరులో బోక్, న్యూకర్క్‌ల పక్కన మొదట ఉన్న పేరు బప్పుదే.

పాగ్సన్ చూసిన చుక్కల సంగతి ఇంకా పూర్తి కాలేదు. సిల్వియా అడ్డుకొలత సుమారు 270 కిలోమీటర్లు. కామిల్లా కొంచెం చిన్నది. 2001లో సిల్వియా చుట్టూ ఒక చిన్న చందమామ తిరుగుతోందని బయటపడింది. 2005లో రెండోదాన్ని ప్రకటించారు. రెండు చందమామలున్న గ్రహశకలం కనబడటం అదే మొదలు. సిల్వియా కొడుకులు రోములస్, రెమస్ అని రోమన్ పురాణం కాబట్టి ఆ పేర్లే పెట్టారు. కామిల్లాకూ రెండున్నాయని తరవాత తేలింది. నుంగంబాకం జాబితాలో ఉన్నవి అయిదు. అందులో రెండింటికి చెరి రెండు చందమామలు. ఇప్పుడు లెక్కలోకి వచ్చిన గ్రహశకలాలు 13 లక్షలు దాటాయి, వాటిని కెమెరాలు, కంప్యూటర్లే పట్టుకుంటున్నాయి.

పాగ్సన్ చూసినవాటిలో, అదేమిటో ఈ రోజుకీ తేలనిది ఒకటి ఉంది. 1872 నాటిది.

బీలా తోకచుక్క ఆరున్నర ఏళ్లకొకసారి వచ్చేది. 1846లో అందరూ చూస్తుండగానే రెండు ముక్కలైంది. 1852లో రెండు ముక్కలూ జంటగా వచ్చాయి. ఆ తరవాత జాడ లేదు. 1872 నవంబరు 27 రాత్రి భూమి దాని దారిని దాటే వేళకు యూరపు ఆకాశంలో ఉల్కల వాన కురిసింది. గోటింగెన్‌లో క్లింకర్‌ఫ్యూస్ ఆ ఉల్కలు వచ్చిన దిక్కు చూసి, తోకచుక్క భూమిని రాసుకుంటూ వెళ్లి ఉంటే ఇప్పుడు ఆ దిక్కుకు ఎదురు వైపున, దక్షిణాకాశంలో ఉండాలని లెక్కవేశాడు. అక్కణ్నుంచి అది కనబడదు. కనబడే చోట, చూడటం తెలిసినవాడు ఎవరున్నారు? మద్రాసుకు టెలిగ్రాం కొట్టాడు. బీలా 27న భూమిని తాకింది, సెంటారస్ మండలంలో థీటా నక్షత్రం దగ్గర వెదకండి అన్నది దాని సారాంశం. ఒక ఖగోళ శాస్త్రవేత్త ఇంకో ఖండంలోని మనిషికి తంతి కొట్టి, ఆకాశంలో ఫలానా మూల చూడమనడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు.

డిసెంబరు మొదటివారం. ఈశాన్య రుతుపవనం. ఆ నెలలో మద్రాసు తెల్లవారుజాము ఎలా ఉంటుందో అక్కడ నాలుగేళ్లున్న ఎవరినడిగినా చెబుతారు. మొదట మబ్బులు అడ్డం పడ్డాయి. తరవాత కాస్త విచ్చితే, చెప్పిన దిక్కునే, గుండ్రంగా మసకగా ఒక తోకచుక్క కనబడింది. పాగ్సన్ దాని స్థానం కొలిచి రాసుకున్నాడు. మర్నాడు తెల్లవారుజామున మళ్లీ కనబడింది, ఈసారి సన్నని తోకతో సహా. దాన్నీ కొలిచాడు.

తోకచుక్క దారి గుణించాలంటే కనీసం మూడు కొలతలు కావాలి. మూడో రోజు వాన. ఆ తరవాత కూడా ముసురు విడవలేదు. లోకంలో ఇంకెవరూ దాన్ని చూడలేదు. తరవాతి వాళ్లు ఆ రెండు కొలతలను ఎన్ని రకాలుగా లెక్కించినా అది బీలా తోకచుక్కతో పొసగలేదు. మరి ఆ టెలిగ్రాం చెప్పిన చోటే, ఆ రోజే, వేరే తోకచుక్క ఎందుకుంది? కాకతాళీయం కావచ్చు. దారి తెలియని తోకచుక్కల పేర్లకు ముందు జాబితాల్లో ‘ఎక్స్’ అక్షరం వేస్తారు. పాగ్సన్ చూసింది ఆ జాబితాలో ఎక్స్/1872 ఎక్స్1 అనే పేరుతో, నుంగంబాకంలో రాసుకున్న ఆ రెండు కొలతలతోనే ఇప్పటికీ ఉంది.